హజ్రత్! ఒక మంచి పేరు చెప్పండి

 

ఇషా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుంటే వెనుక నుంచి ఎవరో ఒకరు పిలుస్తారు. "హజ్రత్! మనవరాలు పుట్టింది. ఒక మంచి పేరు చెప్పండి" అంటారు. రాజుపాలెంలో మేము ఇమామత్ చేస్తున్న ఈ ఎనిమిది, తొమ్మిదేళ్లలో ఈ మాట వినకుండా గడిచిన నెల బహుశా లేదు. జకాత్ లెక్క అడగడానికి మొహమాటపడేవారు కూడా పేరు అడగడానికి మొహమాటపడరు. అడిగి ఊరుకోరు కూడా. మేము ఒక పేరు చెప్పగానే "అది మా తమ్ముడి కూతురికి ఉందండీ" అంటారు. ఇంకొకటి చెబితే "పాత పేరండీ, బడిలో పిల్లలు నవ్వుతారు" అంటారు. మూడోది చెబితే "ఇంట్లో అడిగి చెబుతాం" అని వెళ్లిపోతారు. మర్నాడు ఫజ్ర్ తర్వాత ఇంట్లోవాళ్ల అభిప్రాయాలన్నీ మోసుకుని మళ్లీ వస్తారు.

ఈ ముచ్చట మాకు విసుగు కలిగించదు. బిడ్డ పుట్టిన ఇంట్లో నానీ ఒక పేరు, దాదీ ఒక పేరు అనడం, మేనత్త ఇంకొకటి పట్టుకురావడం, గల్ఫ్‌లో ఉన్న మేనమామ ఫోన్లో మరో నాలుగు పంపించడం, ఇదంతా అల్లాహ్ ప్రసాదించిన సంతోషంలో ఒక భాగమే. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)కు కుమారుడు జన్మించినప్పుడు ఆయన ఆ వార్తను పేరుతో సహా అనుచరులతో పంచుకున్నారు. ఈ రాత్రి తనకు ఒక అబ్బాయి పుట్టాడనీ, వాడికి తన పితామహులు ఇబ్రాహీమ్ పేరు పెట్టాననీ చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. చూడండి, ప్రవక్త అయినా తండ్రి తండ్రే.

మరో సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ అబూ ఉసైద్ (రజి) తమ పసిబిడ్డను దైవప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. ఆయన బిడ్డను తొడ మీద పెట్టుకున్నారు. ఇంతలో ఆయన ధ్యాస ఎదుట ఉన్న మరో విషయం మీదికి మళ్లింది. అది గమనించి తండ్రి బిడ్డను ఎత్తించి ఇంటికి పంపించేశారు. కాసేపటికి ఆయన తేరుకుని పిల్లవాడేడని అడిగారు. ఇంటికి పంపామన్నారు. పేరేమిటని అడిగారు. ఫలానా అని చెప్పారు. కాదు, వాడి పేరు మున్‌జిర్ అన్నారు. ఎన్ని పనుల్లో ఉన్నా ఆ పసివాణ్ణి ఆయన మరచిపోలేదు. ఆ మొదటి పేరేమిటో ఉల్లేఖకులు చెప్పలేదు, మనకు దానితో పనీ లేదు.

కనుక పేర్ల గురించి మాట్లాడుకోవడం వృథా కాలక్షేపమని మేము అనం. అయితే ఆ మాటల్లో ఈమధ్య కొన్ని కొత్త పోకడలు కనబడుతున్నాయి. అలాగే కొన్ని పాత గాయాలూ ఉన్నాయి. వాటిలో ఒక గాయం మేము చేసినదే. దాని సంగతి తర్వాత చెబుతాం.

ముందు కొత్త పోకడలు. ఇప్పుడు పేరు పుట్టేది ఫోన్లో. "కొత్త ముస్లిం పేర్లు" అని వెతికితే వందలకొద్దీ వస్తాయి. ఒక్కోదాని పక్కన అందమైన అర్థం రాసి ఉంటుంది. ఆ అర్థం రాసినదెవరో, ఏ నిఘంటువు చూసి రాశారో ఎవరూ అడగరు. ఒక సోదరి తన పాపకు "అనాబియా" అని పెట్టాలనుకున్నామని కబురు పంపింది. అల్లాహ్ వైపు మరలేది అని అర్థమట. అరబ్బీలో ఆ భావానికి మాట ఉంది, అది "మునీబా". అల్లాహ్ వైపు మరలిన హృదయాన్ని గురించి దివ్యఖుర్ఆన్ ఖాఫ్ సూరాలో చెప్పినప్పుడు వాడిన మాట "మునీబ్". ఆ ధాతువు నుంచి అనాబియా అనే రూపం రాదు. అర్థం నచ్చి పెట్టుకునేటప్పుడు ఆ అర్థం ఉన్న మాటనే పెట్టుకోవచ్చు గదా!

ఇంకొందరు నేరుగా ఖుర్ఆన్ తెరిచి, చెవికి ఇంపుగా తగిలిన మాటను పేరుగా తీసుకుంటున్నారు. "అన్అమ్త" అని ఒక పాప. ఫాతిహా సూరాలో ఉంది గదా అంటారు. నిజమే, ఉంది. కాని అది నామవాచకం కాదు, క్రియ. నీవు అనుగ్రహించావు అని దాని అర్థం. "ఓ నీవు అనుగ్రహించావూ, ఇటు రా, అన్నం తిను" అని తెలుగులో పిలిచి చూడండి. "లారైబ్" అని మరో పేరు. అంటే సందేహం లేదు అని. బఖరా సూరా ఆరంభంలో ఖుర్ఆన్ గురించి వచ్చిన మాట అది. ఖుర్ఆన్‌లో ఉన్నదల్లా పేరుగా పనికివస్తుందనుకోవడం పొరపాటు. ఫిరౌన్ పేరూ అందులోనే ఉంది, అబూలహబ్ పేరూ అందులోనే ఉంది. ఆ తల్లులకు ఖుర్ఆన్ మీదున్న ప్రేమను మేము తక్కువ చేయడం లేదు. ప్రేమ ఉంది, అరబ్బీ రాదు. ఆ లోటు తీర్చవలసింది మాలాంటివాళ్లమే. మమ్మల్ని అడగకముందు ఫోన్‌ను అడుగుతున్నారంటే అందులో మా తప్పు ఎంతో మేము కూడా యోచించుకోవాలి.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. దీన్ని మన ఇళ్లలో అందరూ తెలుసుకోవడం మంచిది. హజ్రత్ ఉమర్ (రజి) గారి కుటుంబంలో ఒకామె పేరు ఆసియా అయితే దైవప్రవక్త (స) దాన్ని మార్చి జమీలా అని పెట్టారు. ఈ హదీసు తెలుగులో చదివిన ఒక తండ్రి కంగారుగా మా వద్దకు వచ్చాడు. అతని కూతురి పేరు ఆసియాయే. ఆ బిడ్డను బడి నుంచి పిలిపించి పేరు మార్చేద్దామా అన్నాడు. అక్కరలేదు బాబూ అన్నాం. హదీసులో మార్చిన పేరు "ఐన్", "సాద్" అక్షరాలతో రాసేది, అవిధేయురాలు అని దాని అర్థం. ఫిరౌన్ భార్య, విశ్వాసంలో మనకు ఆదర్శమైన ఆ మహనీయురాలు హజ్రత్ ఆసియా పేరు "అలిఫ్", "సీన్"లతో రాసేది. తెలుగులో రెండూ ఒకటే. "అలీమ్" కూడా అంతే. ఐన్‌తో రాస్తే సర్వం తెలిసినవాడు. అలిఫ్‌తో రాస్తే బాధాకరమైనది, నరకశిక్ష గురించి చెప్పేటప్పుడు వచ్చే మాట. "ఖల్బ్" అంటే హృదయం, "కల్బ్" అంటే కుక్క. కనుక పేరు ఖాయం చేసే ముందు దాన్ని ఒకసారి అరబ్బీలోనో ఉర్దూలోనో రాయించుకుని చూడండి. ఐదు నిమిషాల పని.

ఇక అక్షరాలు లెక్కపెట్టించుకుని, కలిసి రావాలని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక "ఎ" ఎక్కువ తగిలించుకోవడం, జన్మనక్షత్రాన్ని బట్టి ఏ అక్షరంతో మొదలుపెట్టాలో బయట కనుక్కుని వచ్చి, ఆ అక్షరంతో ముస్లిం పేరు చెప్పమని మమ్మల్నే అడగడం కూడా మొదలైంది. దీనికి షరీఅత్‌లో ఏ ఆధారమూ లేదు. శుభాశుభాలు అల్లాహ్ చేతిలో ఉన్నవి, అక్షరాల చేతిలో లేవు. దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

పాత పేర్ల దగ్గరికి వద్దాం.

పల్నాడులో మన పెద్దల పేర్లు వింటే వారి ప్రయాణాలు తెలుస్తాయి. నాగూర్ వలీ, నాగూర్ బీ అంటే ఆ కుటుంబంలో ఎవరో తమిళనాడులోని నాగూరు దర్గాకు వెళ్లివచ్చి ఉంటారు. మస్తాన్ వలీ, మస్తాన్ బీ అంటే గుంటూరు మస్తాన్ దర్గా. బాజీ అంటే పెదకాకాని. సైదా, జాన్ సైదా, సైదాబీ అంటే కృష్ణకు ఆవలి ఒడ్డున, ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని జాన్‌పహాడ్. ఈ పేర్లు మన ఇళ్లలోనే ఆగలేదు. సైదిరెడ్డి, సైదులు, మస్తాన్‌రావు అనే హిందూ సోదరులు ఈ ప్రాంతంలో ఎంతమందో. ఇక సుభానీ సంగతి మరీ తమాషా. షేక్ అబ్దుల్ ఖాదర్ జీలానీ (రహ్మతుల్లాహి అలైహ్) గారి బిరుదు మహబూబె సుబ్హానీ. అందులో మొదటి సగం జారిపోయి రెండో సగం పేరైంది. బడి రిజిస్టరులో అది కాస్తా "శుభాని" అయిన సందర్భం కూడా మేము చూశాం.

మేము మదర్సా చదువు పూర్తి చేసుకుని ఈ ఊరికి వచ్చిన కొత్త. కుర్రతనం, చదివింది చెప్పేయాలన్న ఆత్రం. ఒక జుమా నాడు పేర్ల గురించి ప్రసంగించాం. చెప్పిన హదీసులు సరైనవే, చెప్పిన తీరు సరైనది కాదు. నాగూర్ అనేది ఒక ఊరు, మనిషికి ఊరి పేరు పెట్టుకుంటారా, రేపు పిడుగురాళ్ల అని, సత్తెనపల్లి అని పెట్టుకుంటారా అని అన్నాం. వెనుక వరుసల్లో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. జనం విన్నారని మేము సంతోషించాం.

మొదటి వరుసలో, ముఅజ్జిన్ పక్కన రోజూ నిలబడే ఒక పెద్దాయన ఆ మర్నాటి నుంచి రాలేదు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన పేరు ఆ పేరే. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం. పది రోజులకు తెలిసింది, టీ బడ్డీ దగ్గర కుర్రాళ్లు ఆయన్ను "పిడుగురాళ్ల తాతా" అని పిలుస్తున్నారట.

హుజురాత్ సూరాలో అల్లాహ్ విశ్వాసులను ఒకరినొకరు పరిహసించవద్దని, ఎకసక్కెపు పేర్లతో పిలుచుకోవద్దని హెచ్చరించాడు. పేర్ల గురించి మిన్బర్ ఎక్కి బోధించిన మేము, పేర్ల విషయంలో అల్లాహ్ ఇచ్చిన ఈ స్పష్టమైన ఆజ్ఞనే ఊరి చేత కాలరాయించాం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆయన్ను వెదుక్కుంటూ వెళితే మిరప కల్లంలో ఉన్నారు. ఎండబోసిన కాయల మధ్య కూర్చుని తాలు ఏరుతున్నారు. మేము క్షమాపణ అడిగాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "మా అమ్మకు నా ముందు నలుగురు పోయారు హజ్రత్. ఒక్కడూ నడక నేర్చిందాకా బతకలేదు. ఎవరో చెబితే నాగూరుకు మొక్కుకుంది. నేను బతికాను. ఈ పేరు పెట్టింది. మొక్కడం తప్పని మీరు కితాబుల్లో చదివారు, తప్పే అయి ఉంటుంది. ఆమె చదువుకోలేదు. కాని ఈ పేరుతో నన్ను పిలిచింది మా అమ్మ గదా! ఇప్పుడు నేను దాన్ని ఎక్కడ పారెయ్యను?"

సోదరులారా! మదర్సాలో మాకు నేర్పిన ఏ పాఠమూ ఆ నిమిషంలో నోటికి రాలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాక వచ్చింది. అది మాకు ముందే తెలిసిన విషయం, ఈ కోణంలో ఎన్నడూ చూడలేదు.

దైవప్రవక్త (స) గారి తాతగారి పేరేమిటి? అబ్దుల్ ముత్తలిబ్. అంటే ముత్తలిబ్ దాసుడు. ఆయన అసలు పేరు షైబా. బాల్యంలో పినతండ్రి ముత్తలిబ్ ఆయన్ను ఒంటె మీద వెనుక కూర్చోబెట్టుకుని మక్కాకు తీసుకువస్తే, జనం ముత్తలిబ్ కొనుక్కొచ్చిన బానిస అనుకున్నారు. ఆ పిలుపే స్థిరపడిపోయింది. అల్లాహ్‌కు తప్ప ఇతరులకు దాసుడని అర్థం వచ్చే పేరు పెట్టడం ధర్మసమ్మతం కాదని మనకు తెలుసు. అయినా హునైన్ యుద్ధంలో, హిజ్రీ 8వ సంవత్సరంలో, సైన్యం చెదిరిపోయిన ఆ కష్ట సమయంలో దైవప్రవక్త (స) శత్రువుల ఎదుట నిలబడి తాను ప్రవక్తననీ, అందులో అసత్యం లేదనీ, తాను అబ్దుల్ ముత్తలిబ్ సంతానమనీ ఎలుగెత్తి చాటారు. ఇది సహీహ్ బుఖారీలోనే ఉంది. తాత పేరును ఆయన దాచుకోలేదు, దిద్దలేదు, చిన్నతనంగా భావించలేదు.

ఇందులో మనకు రెండు వేర్వేరు విషయాలు కనబడతాయి. కొత్తగా పుట్టిన బిడ్డకు ఏ పేరు పెట్టాలి అన్నది ఒకటి. గడిచిపోయినవారి, వయసు పైబడినవారి పేర్లను ఎలా పలకాలి అన్నది మరొకటి. మొదటి దానిలో జాగ్రత్త కావాలి. రెండో దానిలో మర్యాద కావాలి. మేము మొదటి దాని కోసం దాచుకోవలసిన కాఠిన్యాన్ని రెండో దాని మీద చూపించాం.

అంతేకాదు. దైవప్రవక్త (స) తన వద్దకు వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ మార్చలేదు. ఉమర్, ఉస్మాన్, హమ్జా, బిలాల్, ఖదీజా, ఇవన్నీ ఇస్లాంకు ముందు పెట్టిన పేర్లే. అలాగే ఉంచారు. మార్చినవి కొన్ని. షిర్క్ ఉన్నవి, అర్థం చెడ్డవి, ఆత్మస్తుతి ధ్వనించేవి. హజ్రత్ సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మతుల్లాహి అలైహ్) తాతగారి పేరు హజ్న్, అంటే గరుకు నేల. దాన్ని సహ్ల్ అని, అంటే చదునైన నేల అని మార్చుకోమని దైవప్రవక్త (స) సూచించారు. మా నాన్న పెట్టిన పేరు నేను మార్చుకోనన్నారాయన. ఆ తర్వాత తమ వంశంలో ఆ కరుకుదనం పోలేదని మనవడే చెప్పుకున్నారు. మంచి సూచన వదులుకుంటే నష్టం ఉంది, నిజమే. అయితే గమనించండి, ఆ పేరు వద్దన్నది మానవుల్లో అత్యంత మృదుస్వభావి. ఆయన సూచించారు, నలుగురిలో నవ్వించలేదు. హజ్న్ కాదన్నప్పుడు బలవంతమూ చేయలేదు.

ఇక మొక్కుబడి విషయం. దీన్ని మేము మెత్తబరచి చెప్పలేం. మొక్కు ఆరాధన. ఆరాధన అల్లాహ్‌కు మాత్రమే. ఔలియాలను మేము ప్రేమిస్తాం, గౌరవిస్తాం, వారు జనాన్ని పిలిచింది అల్లాహ్ వైపే. బిడ్డను ఇచ్చేది, ఇచ్చిన బిడ్డను బతికించేది వారు కారు. ఆరాఫ్ సూరాలో ఒక దంపతుల ప్రస్తావన ఉంది. కడుపు బరువెక్కినప్పుడు మంచి బిడ్డను ఇస్తే కృతజ్ఞులమై ఉంటామని ఇద్దరూ అల్లాహ్‌నే వేడుకుంటారు. బిడ్డ చేతికి రాగానే ఆ ఇచ్చినదానిలో ఇతరులకు భాగం కల్పిస్తారు. బాకీ తీర్చినట్లు బిడ్డకు ఒక పేరు పెట్టినప్పుడు ఆ బాకీ ఎవరి ఖాతాలో రాశామన్నదే అసలు ప్రశ్న. నాగూర్ అనే శబ్దంలో దోషం లేదు, ఆ లెక్కలో ఉంది. అల్లాహ్‌కు విధేయతగా మొక్కుకున్నది నెరవేర్చాలనీ, అవిధేయతగా మొక్కుకున్నది నెరవేర్చకూడదనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. కనుక అటువంటి మొక్కు ఉన్నవారు భయపడనక్కరలేదు. పేరు పెట్టకపోతే బిడ్డకు ఏదో అవుతుందన్న భయం షైతాన్ కలిగించేది.

ఆ పెద్దాయనతో మేము చివరకు అన్నది ఇదే. మీ అమ్మగారు ఎవరి గుమ్మం దగ్గర ఏడ్చినా ఆ ఏడుపు విన్నది అల్లాహ్ ఒక్కడే, మిమ్మల్ని ఇచ్చిందీ ఆయనే, ఆమెకు తెలియని దానిని ఆయన మన్నించాలని మనం దుఆ చేద్దాం, మీ పేరు మీదే అన్నాం. ఆయన మళ్లీ మస్జిదుకు వచ్చారు. మొదటి వరుసకు మాత్రం రాలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పి వెనుక కుర్చీలో కూర్చుంటున్నారు. నొప్పులు నిజమే అయి ఉండాలని మేము ఆశపడుతున్నాం.

మొన్న ఆయన ఇంట్లోనే మునిమనవడు పుట్టాడు. కాన్పు కష్టమైంది. ఆయన కోడలు, అంటే బిడ్డకు దాదీ, అలవాటు ప్రకారం నాగూరుకు మొక్కేసింది. డిగ్రీ చదివిన పిల్ల తల్లి ఫోన్లో చూసి లారైబ్ అని ఖాయం చేసుకుంది. అత్తాకోడళ్లకు మాటలు లేవు. ఏడో రోజు దాటింది. ప్రతి బిడ్డ తన అఖీఖాకు తాకట్టులో ఉంటాడనీ, ఏడో రోజున జబహ్ చేసి, తల వెంట్రుకలు తీయించి, పేరు పెట్టాలనీ హజ్రత్ సమురా (రజి) ఉల్లేఖించిన హదీసు సునన్ గ్రంథాల్లో ఉంది. పుట్టిన రోజునే పెట్టడం కూడా దైవప్రవక్త (స) ఆచరణలో ఉన్నదే. ఈ ఇంట్లో మాత్రం పిల్లవాడు ఇరవై రోజులుగా "చిన్నూ". చాలా ఇళ్లలో ఇంతే. కొందరు పేరు కుదరక, కొందరు విందుకు డబ్బు కుదరక ఆగుతారు. ఈ సంవత్సరం మిర్చి ధర రాలేదు, అఖీఖా వచ్చే సంవత్సరం పెట్టుకుంటాం, పేరూ అప్పుడే అంటారు. అఖీఖా స్తోమతు ఉన్నవారికి సున్నత్. పేరుకు పైసా ఖర్చు లేదు. దాన్ని దీనికి ముడిపెట్టి అప్పులు చేయకండి, బిడ్డను పేరు లేకుండా ఉంచకండి. ప్రభుత్వ నిబంధన కూడా తెలుసుకోండి. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు లేకుండా నమోదైతే ఏడాదిలోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. 2023 చట్ట సవరణ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం మొదలు అన్నింటికీ ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో "మహమ్మద్"ను "ఎండీ" అని, "షేక్"ను "ఎస్‌కే" అని కుదించి రాయించకండి. రేపు హజ్ ప్రయాణానికి పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు తిప్పలు పడేది ఆ బిడ్డే. అన్నింటికంటే ముందు, మన ప్రియ ప్రవక్త పేరు రెండు పొడి అక్షరాలకు దిగిపోవడం మన మనసుకు కష్టంగా ఉండవద్దా?

ఆ ఇంటివారు మమ్మల్ని పిలిచారు. ఎవరి పక్షం వహించినా రెండో వారి మనసు విరుగుతుంది. మేము ముందు ఆ దాదీతో మొక్కు సంగతి పైన రాసినట్లే వివరించాం. ఆమె ఏడ్చింది. "వాడికేమైనా అయితే?" అంది. అప్పుడు కుర్చీలో కూర్చున్న పెద్దాయన అందుకున్నారు. "నేను డెబ్బై ఏళ్లు దాటినా ఉన్నాను. నన్ను ఉంచినవాడే వీణ్ణీ ఉంచుతాడు" అన్నారు. మేము చెప్పిన దానికంటే ఆ మాట ఎక్కువ పనిచేసింది.

తర్వాత తల్లి వంతు. పేరు పెట్టే విషయంలో ఆడవారి మాట ఏమిటని కొందరు అంటారు. మర్యమ్ (అలైహస్సలామ్)కు ఆ పేరు పెట్టింది ఆమె తల్లే. ఆలి ఇమ్రాన్ సూరాలో ఆ తల్లి నోటనే ఆ మాట వస్తుంది. తల్లిదండ్రులకు పేచీ వస్తే చివరి హక్కు తండ్రిదని నవజాత శిశువుల నియమాలపై గ్రంథం రాసిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మతుల్లాహి అలైహ్) పేర్కొన్నారు, అది వేరే సంగతి. పేచీ రాకుండా చూసుకోవడం ఇద్దరి బాధ్యత. లారైబ్ అంటే ఏమిటో ఆ అమ్మాయికి విప్పి చెప్పాం. వెంటనే అర్థం చేసుకుంది. మరి ఏది పెడదామంది. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని సహీహ్ ముస్లింలో ఉందని చెప్పాం.

"పెట్టుకుంటాం హజ్రత్" అందా అమ్మాయి. "కాని ఊళ్లో ఎవరైనా అలా పిలుస్తారా? ఒకరు అబ్దుల్ అంటారు, ఒకరు రహ్మాన్ అంటారు. అబ్దుల్ అంటే సగం మాట. రహ్మాన్ అంటే అల్లాహ్ పేరు. మనిషిని అలా పిలవొచ్చా?"

ఆమె అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. "అబ్దుల్" అంటే "ఫలానావారి దాసుడు" అనే మాటలో ఫలానా అన్నది ఎగిరిపోయి మిగిలిన ముక్క. కరీమ్, రహీమ్, అజీజ్ వంటి మాటలను మనుషులకు కూడా వాడవచ్చు. రహ్మాన్, ఖాలిఖ్, రజ్జాఖ్, ఖుద్దూస్, సమద్ అనేవి అల్లాహ్‌కే చెందినవి. "ఒరేయ్ రజాకూ" అని పిలిచే ప్రతిసారీ మనం ఎవరి పేరును ఎలా పలుకుతున్నామో తెలియదు. ఇంత మంచి పేరు పెట్టి ఇలా విరిచేసే ఊరిలో దాన్ని పెట్టమని చెప్పడం ఎంతవరకు సబబో ఆ నిమిషంలో మేమూ తేల్చుకోలేకపోయాం. యహ్యా అనో, సహ్ల్ అనో విరగని చిన్న పేరు చెబుదామనుకున్నాం.

పెద్దాయన ఒప్పుకోలేదు. "పెట్టండి. ఊరి సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

అబ్దుర్రహ్మాన్ అని పెట్టాం. కుడి చెవిలో అజాన్ పుట్టిన రోజే ఇచ్చారు గనుక దుఆ చేసి, నోట్లో కాస్త ఖర్జూరం రాసి లేచాం. ఇప్పుడు ఆ వీధిలో సాయంత్రం పూట ఆయన మంచం మీద కూర్చుని ఉంటారు. బిడ్డను ఎత్తుకుని వచ్చినవాళ్లు ఎవరైనా "అబ్దుల్" అంటే పలకనివ్వరు. మిల్లు కుర్రాడినైనా, పాలు పోసే హిందూ సోదరినైనా ఆపి, పూర్తిగా అనిపించి గాని పంపరు. నిన్న ఆమె "అబ్దు-ర్-రహ్మాన్" అని మూడు ముక్కలుగా, జాగ్రత్తగా అంటుంటే మేము అటుగా వెళుతూ విన్నాం. మా ప్రసంగం విని నవ్విన కుర్రాళ్లలో ఒకడు అక్కడే నిలబడి ఉన్నాడు. వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాడి చేత కూడా అనిపించారు.